‘చూద్దాం’ అన్నారు డాక్టరు, ‘చూద్దాంలే’ అని విన్నాం మేము

మొన్న రాత్రి పదకొండు దాటాక మా పెద్దమ్మ కూతురి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండు నిమిషాల పైచిలుకు ఉంది. అందులో మొదటి అర నిమిషం ఆయాసమే. సంగతేమిటంటే, వాళ్ల రెండేళ్ల కుక్కకి టీకా వేయించడానికి తీసుకెళ్తే, డాక్టరు వెనక కాళ్లు తడిమి చూసి ‘మోకాలి చిప్ప జారుతోందమ్మా, గ్రేడ్ టూ’ అన్నారట, అంటే నాలుగు మెట్లలో రెండోది. ఇల్లు చేరేసరికి ఇద్దరు సలహాదారులు తయారు. వెంటనే ఆపరేషన్ చేయించకపోతే జీవితాంతం కుంటుతుందని ఒకరు. చిన్న జాతి కుక్కలన్నిటికీ ఉండేదే, అస్సలు పట్టించుకోవద్దని ఇంకొకరు. ‘నువ్వు పడ్డావు కదే ఈ బాధంతా, ఏం చెయ్యమంటావో చెప్పు’ అని అక్క.

రెండు ముక్కల్లో జవాబు పెడదామని ఫోన్ తీసుకున్నాను. టైప్ చేసి చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను. ఆ ఇద్దరు సలహాదారుల్లోనూ సగం సగం నిజం ఉంది, అదే గొడవ. మూడోసారి చెరిపేశాక, ఇది మెసేజ్‌లో తెమిలే వ్యవహారం కాదని ఇక్కడికొచ్చి కూర్చున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గ్రేడ్ రెండు దగ్గర ‘కొన్నాళ్లు చూద్దాం’ అనడం మంచి వైద్యమే. కాకపోతే చూసేవాళ్లు ఉండాలి. డాక్టరు ‘చూద్దాం’ అంటే, మనలో చాలామందిమి దాని చివర ఒక ‘లే’ తగిలించుకుని ఇంటికొస్తాం. ఆ ఒక్క అక్షరం మా కుక్క ఎడమ మోకాలికి చాలా ఖరీదైంది.

గెంతు

మా కుక్క పేరు దూది. తెల్ల పొమరేనియన్. ఏడాదిన్నర వయసులో దాని గెంతు మొదలైంది. వరండాలో బంతి విసిరితే పరిగెత్తేది. నాలుగో అడుగో ఐదో అడుగో పడేసరికి ఎడమ వెనక కాలు పొట్టకిందికి ముడుచుకునేది. మూడు కాళ్ల మీద తకధిమి అన్నట్టు ఓ నాలుగు గెంతులు. తర్వాత ఆ కాలిని వెనక్కి ఒక్క విదిలింపు, తడి దులుపుకున్నట్టు. ఆపైన నాలుగు కాళ్లూ నేల మీదే, బంతి నోట్లో. అంతా కలిపి మూడు సెకన్లు ఉండదు.

మేం నవ్వుకున్నాం. డాన్స్ చేస్తోంది అన్నాం. మా అబ్బాయి దాన్ని స్లో మోషన్‌లో తీసి, పాట కలిపి, చుట్టాలందరికీ పంపాడు. ఆ వీడియో నేను తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పాట ఆపేసి చూస్తే, కాలు ముడిచే ముందు దాని చెవులు రెండూ ఒక్కసారి వెనక్కి పడతాయి. నవ్వుతూ చూసిన రోజుల్లో చెవులు కనబడలేదు.

ఆ విదిలింపు డాన్సూ కాదు, అలవాటూ కాదు. జారిపోయిన చిప్పని కుక్క తనంతట తాను గాడిలో పెట్టుకోవడం. మోకాలు వెనక్కి బాగా చాస్తే చిప్ప మళ్లీ తన చోటికి వస్తుందని దానికి ఎవరూ నేర్పలేదు, కానీ కనిపెట్టేసింది. అది వైద్యం చేసుకుంటుంటే మేం చప్పట్లు కొట్టాం.

డాక్టరు గారు దాన్ని టేబుల్ మీద పక్కకి పడుకోబెట్టి, కాలు చాచి, పాదాన్ని కొంచెం లోపలికి తిప్పి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కారు. ‘మీ వేలు పెట్టండి ఇక్కడ’ అన్నారు. చర్మం కింద చొక్కా గుండీ అంత గట్టి ముక్క. నొక్కగానే టుక్కుమని లోపలివైపుకి దాటింది. వేలు తీసేసినా అక్కడే ఉండిపోయింది. ఆయన కాలు చాచి, పాదం బయటికి తిప్పేసరికి మళ్లీ టుక్. దూది నా మణికట్టు నాకుతూ పడుకుంది. నాకు మాత్రం మోకాళ్లలోంచి జిల్లుమంది.

తర్వాత చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. తొడ ముందున్న పెద్ద కండరం ఒక తాడు అనుకోండి. ఆ తాడు మోకాలి మీదుగా దిగి, కింది ఎముక ముందున్న చిన్న బుడిపెకి కట్టేసి ఉంటుంది. తాడు మధ్యలో ఇరుక్కున్న పూస చిప్ప. ఆ పూస జారడానికి తొడ ఎముక చివర ఒక గాడి. తాడు తిన్నగా ఉన్నన్నాళ్లు పూస గాడిలోనే తిరుగుతుంది. తొడ ఎముక కాస్త వంగి ఉన్నా, కింది బుడిపె లోపలికి జరిగి ఉన్నా, కాలు ముడిచి చాచిన ప్రతిసారీ తాడు పూసని పక్కకి లాగుతుంది. చిన్న జాతుల్లో చాలామటుకు లోపలివైపుకే. బయటికి జారడం పెద్ద కుక్కల్లో కొంచెం ఎక్కువ కనిపిస్తుంది.

‘గాడి లోతు తక్కువట, అందుకే జారుతోందట’ అని అందరం అంటుంటాం. కథ చాలాసార్లు ఇటునుంచి అటు నడుస్తుంది. ఎదిగే వయసులో చిప్ప గాడిలో కూర్చుని ఒత్తుతూ ఉంటేనే గాడి లోతెక్కుతుంది. చిప్ప మొదట్నుంచీ పక్కనే ఉండిపోతే, ఒత్తేవాడు లేక గాడి చదునుగా మిగిలిపోతుంది. నడిచేవాళ్లు లేని కాలిబాట ఏర్పడనట్టే.

గ్రేడ్ ఎవరికి వేసిన మార్కు?

ఎడమ మోకాలు గ్రేడ్ రెండు, కుడిది ఒకటి అన్నారు. ఈ జబ్బున్న కుక్కల్లో దాదాపు సగానికి రెండు కాళ్లకీ ఉంటుందట, కాబట్టి కుడివైపు దొరకడం వింతేం కాదు. ఈ నాలుగు మెట్ల లెక్క 1960ల చివర్లో పుట్నం, సింగిల్టన్ అనే పశువైద్యులు వేసింది. ఒకటిలో చెయ్యి పెట్టి నొక్కితే జారుతుంది, వదిలేస్తే వెనక్కి వచ్చేస్తుంది. రెండులో తనంతట తనే అప్పుడప్పుడు జారి, కాలు చాచేదాకానో, ఎవరైనా సరిచేసేదాకానో బయటే ఉంటుంది. మూడులో ఎప్పుడూ బయటే ఉంటుంది, లోపలికి నెడితే వెళ్తుంది కానీ నిలవదు. నాలుగులో నెట్టినా వెళ్లదు.

వినడానికి చాలా శుభ్రంగా ఉంది. అందుకే మనం దాన్ని పరీక్ష మార్కులా మోసుకు తిరుగుతాం. అక్క కూడా మెసేజ్‌లో ‘గ్రేడ్ టూ’ అనే మాట ఐదుసార్లు అంది. కుక్క కుంటుతోందా, రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపు, మెట్లెక్కుతోందా అన్నది ఒక్కసారీ అనలేదు.

గ్రేడ్ అనేది ఒక రోజు, ఒక టేబుల్ మీద, ఒక చేతికి దొరికిన సంగతి. భయంతో కండరాలు బిగబట్టిన కుక్కలో జారే చిప్ప కూడా కదలకపోవచ్చు. మత్తిస్తే అంతా వదులు. దూదిని మేం రెండు నెలల తేడాలో ఇద్దరికి చూపించాం. ఒకరు రెండు అన్నారు, ఇంకొకరు ‘ఒకటికీ రెండుకీ మధ్య’ అన్నారు. ఎవరూ తప్పు చెప్పలేదనే అనుకుంటాను. రెండు రోజుల్లో రెండు రకాలుగా ఉండే మోకాలది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. గ్రేడ్ మూడున్న కొన్ని కుక్కలు ఒంగిన కాళ్లతోనే పెద్దగా బాధ లేనట్టు తిరిగేస్తుంటాయి. గ్రేడ్ రెండుది రోజుకి పదిసార్లు చిప్పని గాడి గట్టు దాటించి, మళ్లీ గట్టు దాటించి లోపలికి తెచ్చుకుంటుంది. దాటిన ప్రతిసారీ చిప్ప అడుగున ఉన్న నున్నటి మృదులాస్థి గట్టుకి రాసుకుంటుంది. ఏది ఎక్కువ అరుగుతుందో అంకె చూసి చెప్పలేం. అంకె మోకాలికి. నిర్ణయం తీసుకోవలసింది కుక్క గురించి.

‘మరి గ్రేడ్ ఎందుకు, ఎత్తేద్దామా?’ అంటే కాదు. ఒకటి ఉంటే సాధారణంగా కత్తి జోలికి వెళ్లరు. మూడు, నాలుగు ఉండి ఇబ్బంది పడుతుంటే ఎక్కువమంది సర్జన్లు ఆపరేషన్ వైపే మొగ్గుతారు. ఆ రెండు కొసల్లో అంకె బాగానే పనిచేస్తుంది. చిక్కంతా మధ్యలో ఉన్న రెండుతోనే. మన ఇళ్లలో తిరిగే గెంతు కుక్కల్లో చాలా భాగం అక్కడే ఉంటాయి.

మా ‘లే’

ఆ రోజు డాక్టరు చెప్పింది ఇది: బరువు పెరగనివ్వకండి, జారే నేల మీద పరిగెత్తనివ్వకండి, తాడు కట్టి నెమ్మదిగా నడిపిస్తూ తొడ కండరాలు పెంచండి, కొన్ని నెలలు చూద్దాం. మేం తలలూపాం. మొదటి నెల వరండాలో రబ్బరు చాపలు పరిచాం. రెండో నెల తుడవడం కష్టంగా ఉందని చుట్టి మూల పెట్టాం. మూడో నెలకి గెంతు మా కంటికి అలవాటైపోయింది. ఇంట్లో గోడ గడియారం చప్పుడులాగా, ఉందని తెలుసు, వినబడదు.

ఏడాది తర్వాత ఒక సాయంత్రం సోఫా మీంచి దూకి కెవ్వుమంది. కాలు ముడిచి అలాగే నిలబడింది. విదిలించింది. మళ్లీ విదిలించింది. చిప్ప వెనక్కి రాలేదు. టేబుల్ మీద డాక్టరు వేలితో నెడితే వెళ్లింది, వదలగానే బయటికొచ్చింది. ‘మూడు’ అన్నారు. తర్వాత కింది ఎముకని ముందుకీ వెనక్కీ లాగి చూశారు. మోకాలి లోపల అడ్డంగా ఉండే లిగమెంట్ తెగిందేమో అని అనుమానం. పాతబడిన కేసుల్లో, నడివయసు దాటిన కుక్కల్లో, 15 నుంచి 20 శాతం దాకా అది కూడా తెగి కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. మాది తెగలేదు. అక్కడ మాకు అదృష్టం కలిసొచ్చింది. మేం చేసిన మంచిపనేం లేదు.

నన్ను నేను చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, ఆ తిట్లలో కూడా కొంత గర్వమే కనబడింది. నేను చాపలు తీయకపోతే ఆ మోకాలు ఆగిపోయేదని ఎవరు చెప్పారు? నడకతో కండరం బలపడుతుంది కానీ వంగిన ఎముక తిన్నగా అవదు. జరిగిన బుడిపె వెనక్కి రాదు. బహుశా ఏం చేసినా అది మూడుకే వెళ్లేదేమో.

మరి చూడడం వల్ల లాభం? చూడడం మోకాలిని ఆపుతుందని నేననడం లేదు. ఎక్కడిదాకా వచ్చిందో మనకి చెబుతుంది, అంతే. ఆపరేషన్ చేసినప్పుడు దూది చిప్ప అడుగున మృదులాస్థి ఒక పక్క బాగా అరిగిపోయి ఉంది. అది ఒక్క సాయంత్రంలో అరిగేది కాదు కదా. మేం గడియారం చప్పుడు వినడం మానేసిన నెలల్లో గెంతులు రోజుకి రెండు నుంచి పదిహేనుకి పెరిగి ఉంటాయి. ఆరో నెలలో తెలిస్తే ఆరో నెలలోనే నిర్ణయం తీసుకునేవాళ్లం. పన్నెండో నెలలో కెవ్వుమన్నాక తీసుకున్నాం.

డాక్టరుని కూడా పూర్తిగా వదిలిపెట్టను. ‘చూద్దాం’ అన్నారు కానీ ఏం చూడాలో, ఏ తేదీకి రావాలో, ఏది కనబడితే ఇక ఆగకూడదో చెప్పలేదు. మందు రాసినప్పుడు రోజుకెన్ని, ఎన్ని రోజులు అని రాస్తారు కదా. వేచి చూడడం కూడా మందే అయితే దానికీ మోతాదు ఉండాలి. ఆయన రద్దీలో ఆయనున్నారు, నేను అడగలేదు. ఇద్దరిదీ చెరి సగం.

ఎదురు వాదన ఒకటి

‘చిన్న కుక్కలన్నిటికీ ఉండేదే’ అన్న సలహాదారుకి కూడా న్యాయం చెయ్యాలి. ఇంగ్లండ్‌లో మామూలు పశువైద్యుల దగ్గరికి వచ్చిన 2 లక్షల 10 వేలకి పైగా కుక్కల రికార్డులు తీసి చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. చిప్ప జారడం కనిపించింది నూటికి 1.3 కుక్కల్లో. పొమరేనియన్, చిహువాహువా, యార్క్‌షైర్ టెర్రియర్‌లలో ఎక్కువ. కొత్తగా బయటపడిన కేసుల్లో ఆపరేషన్ దాకా వెళ్లినవి దాదాపు 13 శాతమే. అంటే చాలా కుక్కలు కత్తి లేకుండానే వెళ్లిపోతున్నాయి. ‘గ్రేడ్ టూ అంటే ఆపరేషనే’ అని భయపెట్టేవాళ్లు ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి.

అదే అధ్యయనంలో నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసినవి రెండున్నాయి. బీమా ఉన్న కుక్కల్లో ఈ జబ్బు దాదాపు రెట్టింపుగా కనిపించింది. బీమా కాగితం మోకాలిని వదులు చెయ్యదు. ఖర్చు భయం లేనివాళ్లు వెళ్లి చూపించారు, చూపించినవాళ్లకి దొరికింది. కాబట్టి ఆ 1.3 అనేది జారిన చిప్పల లెక్క కన్నా, ఎవరో ఒకరు చెయ్యి పెట్టి చూసిన చిప్పల లెక్క అనుకోవడం మేలు. రెండోది, తమ జాతి సగటు కన్నా తక్కువ బరువున్న కుక్కల్లో ఇది ఎక్కువగా ఉంది, తక్కువగా కాదు! ‘లావెక్కింది, అందుకే జారింది’ అనే మాట ఇక్కడ బోల్తా పడుతుంది. బరువు చిప్పని గాడిలోంచి తొయ్యదు. తొయ్యేది ఎముకల వరస. అయితే ఇప్పటికే అరుగుతున్న కీలు మీద మోత ఎందుకు పెంచడం అన్నది వేరే విషయం. దూది బరువు నేను ఇప్పటికీ కాపలా కాస్తాను. దాని మోకాలు నా చేతి ముద్దల వల్లే పాడైందని మాత్రం అనుకోవడం మానేశాను. చాలామంది అలా అనుకుని కుమిలిపోతుంటారు, అందుకే ఇంత చెప్పాను.

వేచి చూడడం అసలు పనికిరాని చోటు కూడా ఉంది. రెండు మూడు నెలల కుక్కపిల్లలో చిప్ప ఎప్పుడూ బయటే ఉంటే, కాళ్లు వంగి, నడుం కుంగి కుందేలులా పాకుతుంటే, అక్కడ నెలలు గడపకూడదు. ఎముక ఎదుగుతోంది, తాడు వంకరగా లాగుతోంది, ఎదిగే ఎముక ఆ లాగుడు ప్రకారమే మెలితిరుగుతుంది. ఆలస్యమైన కొద్దీ సరిచెయ్యడం కష్టం. అలాంటి పిల్లని ‘పెద్దయ్యాక చూద్దాం’ అంటే చూడడానికి మిగిలేది తక్కువ. ఈ వ్యాసంలో నేను చెప్పేదేదీ వాటికి వర్తించదు.

పిల్లి కుంటదు, మానేస్తుంది

మా చెల్లి దగ్గర మసి అనే నల్ల పిల్లి ఉంది. నాలుగేళ్ల వయసులో బీరువా పైకి ఎక్కడం మానేసింది. ముందు మంచం మీదికి దూకి, అక్కణ్నుంచి బల్ల, బల్ల మీంచి బీరువా. అది దాని నిచ్చెన. కొన్నాళ్లకి బల్ల దగ్గరే ఆగిపోయింది. తర్వాత మంచం. ‘పెద్దరికం వచ్చింది, దానికి హుందాతనం’ అని చెల్లి. నాలుగేళ్ల పిల్లికి పెద్దరికమేమిటి? దూదితో పడ్డాం కాబట్టి నాకు అనుమానం వచ్చింది, లేకపోతే నేనూ హుందాతనమే అనేదాన్ని.

క్లినిక్‌లో మసి టేబుల్ మీద ముద్దగా ముడుచుకుని, ఒక్క అడుగు వెయ్యనంది. నడక చూడందే డాక్టరు ఏం చెబుతారు? చివరికి చెల్లి ఫోన్‌లో ఉన్న పాత వీడియోలు పనికొచ్చాయి. రెండు వెనక కాళ్లూ సమానంగా పాడైతే కుంటడం అంటూ ఉండదు, కుంటాలంటే బాగున్న కాలు ఒకటి కావాలి కదా. మసి పిరుదులు కిందికి దింపి, దొంగలా నక్కి నడుస్తోంది. వేట అనుకున్నాం మేం.

పిల్లుల్లో ఇది కుక్కల్లో కన్నా అరుదు. డెవన్ రెక్స్, అబిసీనియన్ జాతుల్లో ఎక్కువగా చెబుతారు, కానీ జాతీగీతీ లేని మామూలు పిల్లులకీ వస్తుంది. ఇక్కడ కుక్కల కొలబద్ద తీసుకెళ్లి పెట్టకూడదు. పిల్లి మోకాలి చిప్ప మామూలుగానే కొంచెం వదులు. వేలితో నొక్కితే కాస్త కదిలిందని అదో జబ్బు అనుకోనక్కర్లేదు. కొన్నిటిలో తుంటి కీలు లోపం కూడా తోడుంటుంది కాబట్టి, దూకలేకపోవడానికి దోషి మోకాలా తుంటా అని ఎక్స్‌రేలో రెండూ చూడాలి. మసి విషయంలో దోషి మోకాళ్లే.

(పిల్లి చిప్పల్లో ఇంకో వింత కూడా ఉంది. కొన్ని చిన్న వయసు పిల్లుల్లో దెబ్బేమీ తగలకుండానే చిప్ప విరుగుతుంది. అలాంటివాటి నోరు తెరిచి చూస్తే చాలాసార్లు పాలపళ్లు ఇంకా ఊడకుండా ఉంటాయి. మోకాలికీ పంటికీ ముడి! అది మన కథ కాదు కానీ, చదివిన రోజు మసి నోరు తెరిచి చూడకుండా ఉండలేకపోయాను. చెయ్యి గీరింది.)

పిల్లి దగ్గర నేర్చుకున్నది దూదికి కూడా పనికొచ్చింది. జంతువు ఏం చేస్తోందో చూడడం కన్నా, ఏం మానేసిందో చూడడం కష్టం. మానేసిన పని కంటికి కనబడదు.

రెండో మోకాలు

దూది ఎడమ కాలికి ఆపరేషన్ చేయించాం. గాడి మీది మృదులాస్థి పలకని జాగ్రత్తగా లేపి, అడుగున ఎముక తవ్వి, పలకని మళ్లీ లోతుగా కూర్చోబెట్టారు. కింది ఎముక బుడిపెని కోసి, బయటివైపుకి జరిపి, పిన్నులు దించారు. లోపలివైపు బిగుతుని వదులు చేసి, బయటివైపు వదులుని బిగించారు. మళ్లీ జారొచ్చు, పిన్ను కదలొచ్చు, బుడిపె ఊడి రావచ్చు అని సర్జన్ సంతకానికి ముందే చెప్పారు. ఆ మాటలకి మా ఆయన బెదిరిపోయారు. నాకు మాత్రం ఆ మనిషి మీద అప్పుడే నమ్మకం కుదిరింది.

కత్తి కన్నా బోను కష్టం. ఆరు నుంచి ఎనిమిది వారాలు బోనులోనే, పరుగుల్లేవు, దూకడాల్లేవు, కాలకృత్యాలకి తాడు కట్టి నాలుగడుగులు. మూడో వారానికి కాలు బాగున్నట్టే ఉంటుంది, లోపల ఎముక మాత్రం అతకదు. కుక్కకి ఆ సంగతి చెప్పలేం. ఒక మధ్యాహ్నం నేను తలుపు గొళ్లెం సరిగా వెయ్యలేదు. దూది సోఫా మీద కూర్చుని నన్ను చూస్తోంది. ఎక్కినప్పుడు నేను చూడలేదు. ఎనిమిదో వారం ఎక్స్‌రే తీసేదాకా నాకు సరిగా నిద్ర లేదు. పిన్నులు పెట్టినచోటే ఉన్నాయి.

అప్పుడే కుడి మోకాలు తడిమి, ‘ఇది కూడా రెండుకి వచ్చింది, చూద్దాం’ అన్నారు. ఈసారి నేను కుర్చీలోంచి లేవలేదు. ఏం చూడాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏమైతే ముందే రావాలి అని అడిగి, ఆ చీటీ వెనకే రాయించుకున్నాను. నెలకోసారి వెనక నుంచి వీడియో, అదే వరండా, అదే వేగం. నడకలో గెంతుల లెక్క. తొడ చుట్టూ టేపు కొలత, రెండు కాళ్లకీ ఒకే చోట. కాలు మోపకుండా ఒక రోజు దాటితే వెంటనే రావాలి. ఏమీ లేకపోయినా ఆరు నెలలకి రావాలి.

నోట్‌బుక్ ఇప్పుడు నా ముందే ఉంది. ఒక పేజీ: ‘3వ తేదీ, ఇరవై నిమిషాల నడక, కుడి 2. 9వ తేదీ, కుడి 0. 14, వాన, బయటికి వెళ్లలేదు, ఇంట్లో 1. 20, కుడి 5, నిన్న పిల్లలు బంతి ఆడించారు. 27, కుడి 1.’ ఈ 5 దగ్గర నాకు ఎంత టెన్షన్ పట్టుకుందో. తర్వాతి వారానికి దిగిపోయింది. లెక్క రాయకపోయి ఉంటే, ఆ 5 చూసిన రోజున ఆపరేషన్‌కి పరిగెత్తేదాన్ని. లేదా అసలు ఆ 5ని చూసేదాన్నే కాదు. ‘నా ప్రోగ్రెస్ కార్డు కూడా ఇంత శ్రద్ధగా చూడలేదమ్మా నువ్వు’ అని మా అబ్బాయి దెప్పుతుంటాడు.

మూడేళ్లయింది. కుడి మోకాలు ఇంకా రెండులోనే ఉంది. ఒకే కుక్క, రెండు మోకాళ్లు, ఒకటి చూడలేదు పాడైంది, ఒకటి చూశాం నిలబడింది అని కథ అల్లుకోవడం తేలికే. కానీ మొదట్లో కుడిది ఒకటే, ఎడమది రెండు. ముందు నుంచీ కుడి ఎముకల వరసే మెరుగేమో. నా నోట్‌బుక్ మోకాలిని ఆపిందని నేను చెప్పలేను. నాకు కునుకు పట్టనిచ్చిందని మాత్రం చెప్పగలను.

ఇంకొక్క మాట, ఎవరికీ నచ్చదు. ఇది వంశంలో వచ్చేది, ఒక్క జన్యువు పని కాదు, చాలా కలిస్తే అవుతుంది. అందుకని తల్లిదండ్రుల మోకాళ్లు బాగున్నా పిల్లకి రావచ్చు, అయినా బాగాలేని వాటిని జతకట్టిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. అమెరికాలో జంతువుల ఎముకల ఫౌండేషన్ ఒకటి ఏడాది నిండిన కుక్కల మోకాళ్లని మత్తివ్వకుండా పరీక్ష చేయించి రికార్డు చేస్తుంది. నిమిషాల పని, యంత్రాలేవీ అక్కర్లేదు, తెలిసిన బొటనవేలు చాలు. దూదిని తెచ్చుకున్న రోజు నేను దాని తల్లి ముఖం ఎంత గుండ్రంగా ఉందో అడిగాను. మోకాలి సంగతి నా నోటికి రాలేదు.

ఇదంతా రాసేసరికి తెల్లారింది. అక్కకి ఒక్క లైన్ పంపాను: ‘భయపడకు, అలాగని వదిలెయ్యకు, ముందు అది నడుస్తున్న వీడియో ఒకటి పంపు.’ పది నిమిషాల్లో వచ్చింది. పద్నాలుగు సెకన్లు. కుక్క కెమెరా వైపు పరిగెత్తుకొస్తోంది, నాలుక బయట, చెవులు ఎగురుతూ, ముఖమంతా నవ్వు. కాళ్లు ఫ్రేములోనే లేవు.

‘చాలా ముద్దుగా ఉంది అక్కా. ఇంకోటి తియ్యి, వెనక నుంచి’ అని పంపాను.